చిన్నీగల సారె

మా ఉద్దానంలో ఇద్దరు ఎదురుపడితే ముందు అడిగేది క్రియాటినిన్ ఎంతని. రక్తంలో ఆ అంకె పెరిగిందంటే కిడ్నీలు చెడుతున్నట్టు. పిల్లలూ పంటలూ ఆ తర్వాతే. సంతకం పెట్టడం రాని ముసలమ్మ కూడా "ఒకటి పాయింటు ఎనిమిదికి దిగినాదమ్మా" అని పండగ కబురులా చెబుతుంది. జీడితోటల్లో ఫొటోలు దిగి వెళ్లిపోయే టూరిస్టులకు ఈ సంగతి తెలియదు. మా నాన్న కిడ్నీలు చెడి పోయాడు. ఆయన తమ్ముళ్లిద్దరూ అలాగే పోయారు. నేను చదివిన చదువంతా ఆ కోపంతో చదివిందే, అందులో దాచుకోవడానికేమీ లేదు.

నా పేరు హైమావతి. విశాఖపట్నంలో ఒక పరిశోధన సంస్థ నన్నూ నా నోటినీ ఇరవయ్యేళ్లు భరించింది. రెండువేల నలభై ఏడులో మా ఊరు వరహాలపుట్టుగలో మూతపడిన జీడిపప్పు ఫ్యాక్టరీ షెడ్డొకటి దొరికితే, అందులో లాబ్ పెట్టిచ్చి నన్ను సాగనంపింది. పీడ వదిలిందని వాళ్లూ, బతికిపోయానని నేనూ అనుకున్నాం.

అప్పటికే మొండిజ్వరం వచ్చి మూడేళ్లయింది. ఊపిరితిత్తుల్లో దూరి రెండు నెలల్లో మనిషిని తినేసే జ్వరం. పాత మందులేవీ దాన్ని కదిలించలేకపోయాయి. కదిలించింది ఒక్క కోర్వాసిన్. రోజుకొక ఇంజెక్షన్ చొప్పున పద్నాలుగు రోజులిస్తే జ్వరం పోయేది, పోతూ పోతూ కిడ్నీల్ని కూడా పాడుచేసేది. మిగతా ఊళ్లవాళ్ల కిడ్నీలు కొన్నాళ్లకు తేరుకునేవి. మావి అసలే అంతంతమాత్రం, తేరుకునేవి కావు. జ్వరంతో పోవాలా మందుతో పోవాలా అన్నదొక్కటే మావాళ్లు తేల్చుకోవాల్సి వచ్చేది.

దీనికి దారి మా అప్ప పెట్టెల్లో దొరికింది. అక్కను మా వైపు అప్ప అంటాం. దాలమ్మప్ప నాకంటే పన్నెండేళ్లు పెద్దది. ఐదో తరగతితో బడి మానేసి, జీడితోటల్లో తేనెపెట్టెలు పెట్టుకుని బతుకుతోంది. అందరూ పెంచే తేనెటీగలు కావవి. కుట్టడం రాని, దోమ కంటే కాస్త పెద్దగా ఉండే నల్లటివి. అప్ప వాటిని చిన్నీగలంటుంది. తేనె గ్లాసుడే ఇస్తాయి గాని బంక మాత్రం బోలెడు చేస్తాయి. జీడిచెట్టు కార్చే జిగురూ పనసపాలూ పోగుచేసి, మైనంతో కలిపి, గూడంతా పూసుకుంటాయి. గుమ్మం దగ్గర ఆ బంకతోనే చిటికెనవేలంత గొట్టం కట్టుకుంటాయి.

రొయ్యల చెరువుల పక్కనున్న అప్ప పెట్టెల్లో బంక మిగతావాటికంటే నల్లగా ఉండటం చూశాను. చెరువుల్లో గుమ్మరించే మందులన్నీ ఆ ఈగలు నీళ్లతో పాటు తాగుతున్నాయి. తాగి కూడా చావడం లేదు. ఆ నల్లటి బంకలో ఏదో ఉందని నాకు అనుమానమేసింది. తాటిబెల్లం పానకంలో పిసరంత కోర్వాసిన్ కలిపి, అప్ప పెట్టెల్లో బాగా పాతదాని ముందు పెట్టాను. ఇరవై ఒక్క రోజులు తాగాయి. ఆ తర్వాత గీకిన బంకను స్పిరిట్లో కరగదీసి, వడగట్టి, పాకం చేశాను.

పన్నెండు ఎలుకలకు కోర్వాసిన్ ఎక్కించి, అందులో ఆరింటికి ఈ పాకం నాకించాను. పద్నాలుగో రోజు ఉదయం వెళ్లి చూస్తే, పాకం లేని ఆరూ వాచిపోయి బోను మూలల్లో పడున్నాయి. పాకం తాగిన ఆరూ నన్ను చూడగానే మేత కోసం ఊచలు పట్టుకుని నిలబడ్డాయి. రక్తపరీక్ష చేస్తే వాటి కిడ్నీలకు ఏమీ కాలేదు. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చేశాను.

పెట్టె కోసం వచ్చిన అప్ప నన్ను చూసి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏటే హైమీ, ఎలకలు బతికితే అలగ ఏడుస్తన్నావేటి?"

"సంతోషమే అప్పా."

"సంతోసమైతే నవ్వాల. సూసినోలు ఎలకల కోసం ఏడుస్తన్నాదనుకుంతారు."

చిన్నీగలకు ఏ మందు రుచి చూపిస్తే, వాటి బంక ఆ మందుకు తగ్గ తొడుగు తయారుచేస్తోంది. ఆ తొడుగు కిడ్నీలోని సన్నటి గొట్టాల లోపలి గోడకు అంటుకుని, మందు గోడను కొరక్కుండా జారిపోయేలా చూస్తోంది. ఎలా తయారవుతోందో మాత్రం నాకు అప్పటికి తెలియదు. తెలియకుండానే మనుషుల మీద ప్రయోగానికి అనుమతి అడిగాను. మా సంస్థ కమిటీ ఒక షరతు మీద ఇచ్చింది. తోటలో ఎండకీ వానకీ పడున్న పెట్టెలోని బంక మనుషులకు ఇవ్వడానికి వీల్లేదు. లాబ్‌లో, కొత్త పెట్టెల్లో, శుభ్రంగా తయారవ్వాలి.

శుభ్రమంటే నాకు చెప్పాలా. లాబ్‌లో నా వెనకాల నన్ను స్పిరిట్ సీసా అనేవారట. వేపచెక్కతో ఆరు పెట్టెలు చేయించి, లోపల మంటతో కాల్చి, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టాను. అప్ప తన పాత గూళ్లలో సగం గుడ్లూ సగం ఈగలూ తీసి వాటిలోకి మార్చాలి. ముందురోజే వచ్చి, కొంగున కట్టుకొచ్చిన పాత బంక ముక్క తీసి, వేడిచేసిన కొబ్బరినూనె చుక్కతో మెత్తగా నలిపి, కొత్త పెట్టె గోడలకు బొటనవేలితో రాయడం మొదలెట్టింది.

"అదేంటప్పా!"

"సారె. పిల్ల కొత్తింటికి ఎల్తంటే ఉత్తిసేతులతో అంపుతామేటి? మా యత్త కూడా ఇలగే ఎట్టీది. ఇది రాయకపోతే ఈగలకి ఇల్లు ఇల్లులాగ ఉండదు."

అప్ప వెళ్లాక ఆ సారెనంతా స్పిరిట్‌తో తుడిచేశాను. ఆరు పెట్టెలూ, మూల మూలా. దానికి నాకో కారణం ఉంది. కొత్త పెట్టెలో పాతది ఏదైనా ఉంటే, వచ్చిన ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేం. ఏ మాస్టారైనా మొదటి ఏడాదిలోనే నేర్పే పాఠం అది. మర్నాడు ఈగలతో వచ్చి చూసిన అప్ప, "మల్లీ కడిగీసినావా తల్లీ" అని నవ్వి ఊరుకుంది. నేను అలాంటిదాన్నేనని ఆవిడకు ఎప్పుడో తెలుసు.

లాబ్ పెట్టెల ముందు కూడా కోర్వాసిన్ పానకం పెట్టిన ఇరవయ్యో రోజున దుర్యోధనకు మొండిజ్వరమని తేలింది. మా వైపు ఆ పేరు మామూలే, ఒరిస్సా గాలి. ముప్పై నాలుగేళ్లవాడు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపడం అతని పని. పూటకు నలభై చెట్లు ఎక్కి దిగి, దిగాక కూడా కబుర్లు చెప్పే ఓపిక ఉండేది. జ్వరమని తెలిసేటప్పటికే అతని ఊపిరితిత్తులు సగం నిండిపోయాయి. క్రియాటినిన్ ఒకటి పాయింటు నాలుగు. కోర్వాసిన్ ఆ వారమే మొదలుపెట్టాలి.

లాబ్ పెట్టెల బంక గీకాను. రంగు కొలిచే మీటరు పెట్టి చూశాను, తోట బంక రంగే. వాసనా అదే, కరిగిన తీరూ అదే. ఎలుకల మీద చూడాలంటే పద్నాలుగు రోజులు కావాలి. దుర్యోధనకు అన్ని రోజులు లేవు. అతని భార్య ఊర్మిళ నా చెయ్యి పట్టుకుని, "మీరిచ్చీయండి డాక్టరమ్మా, మీ మీద నమ్మకమే" అంది. నేనూ నన్ను నమ్ముకున్నాను. రోజూ పొద్దున్నే పాకం, మధ్యాహ్నం ఇంజెక్షన్.

పన్నెండో రోజుకు జ్వరం పోయింది. పద్నాలుగో రోజుకు క్రియాటినిన్ ఏడు దాటింది. నెల తిరిగేసరికి దుర్యోధన వారానికి మూడుసార్లు డయాలసిస్ కుర్చీలో కూర్చునే మనిషయ్యాడు. నీళ్లు కొలిచి తాగాలి. చెట్టెక్కడం కాదు కదా, రోడ్డు దాకా నడిస్తే ఆయాసం.

కమిటీకి రిపోర్టు పంపాలి. కారణమేమిటన్న గడి ఒకటుంటుంది. చాలాసేపు చూసి అందులో ఇలా రాశాను: "రోగి మూత్రపిండాలు ముందునుంచే బలహీనం." ఉద్దానం పేరు చూడగానే వాళ్లు తలూపుతారని నాకు తెలుసు. ఊపారు. ప్రయోగం ప్రస్తుతానికి ఆపి, ఆరునెలల తర్వాత మళ్లీ దరఖాస్తు చేసుకోమన్నారు.

నేను ఊరుకోలేదు. మిగిలిన లాబ్ బంకను కోర్వాసిన్ ఎక్కించిన ఎలుకలకు పెట్టాను. కిడ్నీలు పోయాయి. తోట బంకతో మళ్లీ చేశాను. నిలబడ్డాయి. ఇక తప్పు దుర్యోధన కిడ్నీలది కాదు, బంకదేనని తేలిపోయింది. అప్పుడే రిపోర్టు దిద్ది పంపాల్సింది. కారణం దొరకనీ, రెండూ కలిపి పంపుదామని నాకు నేను చెప్పుకున్నాను. అది పిరికితనం. ఇప్పుడు ఆ ముక్క రాయడానికి సిగ్గుపడుతున్నాను గాని, అప్పట్లో దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను.

లాబ్ పెట్టెల్ని తోటలోకి మార్చాను. చెరువు నీళ్లు పెట్టాను. పానకంలో బెల్లం మార్చాను. పెట్టెలకు వేపచెక్క పడలేదేమోనని పనసచెక్కతో చేయించాను. కొత్త చెక్క వచ్చిందల్లా యథాప్రకారం కాల్చి తుడిచాను. ఏదీ పనిచెయ్యలేదు. రెండు నెలల్లో ఎన్ని ఎలుకల్ని పోగొట్టుకున్నానో చెబితే మీరు నన్ను తిడతారు.

ఒక మధ్యాహ్నం అప్ప తోటకెళ్లాను. ఆవిడ కింద కూర్చుని, ఒళ్లో కొత్త పెట్టె పెట్టుకుని, లోపల బొటనవేలితో సారె రాస్తోంది. తీరిగ్గా, పసిపిల్లకు నలుగు పెడుతున్నట్టు. ఆ పని లాబ్‌లోనూ చూశాను. ఆ రోజు మాత్రం అక్కడే ఆగి చూశాను.

"అప్పా, ఆ ముక్క ఏ పెట్టెలోది?"

"పెద్దదాందే. అన్నిటికీ దాందే రాత్తాను. మా యత్త దగ్గిర్నుంచి వచ్చిన పెట్టి అది. దాని బంక దీనికీ, దీని బంక దీని పిల్లకీ. ఒక్కసారి కూడా తప్పలేదు." అప్ప నా మొహం చూసి చెయ్యి ఆపింది. "ఏటయ్యిందే? అలగయిపోనావేటి?"

"నేను తుడిచేశానప్పా. అన్నీ తుడిచేశాను."

ఆ బంక ముక్క తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. బంకలో ఒక బూజు కాపురముంటోంది. తరతరాలుగా, పెట్టె నుంచి పెట్టెకు, అప్ప బొటనవేలి మీద ప్రయాణం చేసి వచ్చిన బూజు. మందు తగిలితే తొడుగు అల్లేది అది. ఈగలు దానికి చోటిచ్చి, మేతపెట్టి పోషిస్తున్నాయి. నేను పరమ శుభ్రంగా దాన్నే చంపాను.

ఈసారి పన్నెండు కొత్త పెట్టెలు. ఆరింటిలో అప్పచేత సారె పెట్టించాను, ఆరింటిని ఎప్పటిలాగే కడిగాను. ఇరవై నాలుగు ఎలుకలు. ఐదు వారాలు పట్టింది. సారె పెట్టిన పెట్టెల బంక తాగిన పన్నెండూ బతికాయి. కడిగిన పెట్టెల బంక తాగిన పన్నెండిటి కిడ్నీలూ పోయాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు.

ఆ లెక్క రాసిన రోజు సాయంత్రమే ఊర్మిళకు మొండిజ్వరమని కబురొచ్చింది. క్రియాటినిన్ ఒకటి పాయింటు ఒకటి. మొగుడు యంత్రం మీద. పొలంపనులూ జీడిపిక్కల పనీ చేసి ఇల్లు నడుపుతున్నది ఆవిడే. కోర్వాసిన్ ఇవ్వడానికి డాక్టరు పది రోజులు గడువిచ్చాడు.

కమిటీ ఛైర్మన్‌తో మాట్లాడాను. ఆయన మంచాయనే. "ఇంకో రెండు నెలలు ఆగితే దరఖాస్తు మామూలుగానే వస్తుంది హైమావతీ. పాత రిపోర్టు జోలికి పోనక్కర్లేదు" అన్నారు.

"ఆవిడకు పది రోజులే ఉంది సార్."

"వెంటనే తెరవాలంటే ఒక్కటే దారి. మొదటిసారి తప్పు రోగిది కాదు, పద్ధతిది అని నువ్వు రాసివ్వాలి. నష్టపోయినవాడికి ఆ సంగతి చెప్పి, చెప్పినట్టు అతని సంతకం తేవాలి. ఆ తర్వాత నువ్వు ఈ ప్రయోగానికి బాధ్యురాలిగా ఉండలేవు. తెలుసు కదా?"

తెలుసు. ఆ కాగితం అరగంటలో రాసేశాను. నిజం చెప్పొద్దూ, పదవి పోతుందన్న బెంగ ఎక్కడా తగల్లేదు. నన్ను భయపెట్టింది రెండోది, దుర్యోధన ముందు నిలబడటం. మర్నాడు అతనికి డయాలసిస్. ఆ కుర్చీలో నాలుగు గంటలు గొట్టాలకు కట్టేసి ఉన్న మనిషికి ఈ మాట చెప్పడం అన్యాయమనిపించింది. నా మీద కోపమొస్తే లేచి వెళ్లిపోయే వీలైనా ఉండాలి. అందుకని ఆ పైరోజు పొద్దున్న అతనింటికి వెళ్లాను. అప్ప కూడా వచ్చింది, నేను వద్దన్నా.

దుర్యోధన వాకిట్లో నేలలో పాతిన ఇనుపగునపం మీద కొబ్బరికాయలు వలుస్తున్నాడు. ఒక్కో కాయకూ ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. ఊర్మిళ గుమ్మంలో గోడకానుకుని ఉంది, నోటికి అడ్డంగా గుడ్డ.

నిలబడే చెప్పాను. "దుర్యోధనా, నీ కిడ్నీలు పోయింది అవి బలహీనమై కాదు. నేనిచ్చిన బంకలో సత్తువ లేక. దాలమ్మప్ప పెట్టెలకు రాసిన సారె నేను తుడిచేశాను. అసలు పని చేసేది ఆ సారే."

అతను చేతిలో కాయ పక్కన పెట్టాడు. "మల్లీ సెప్పమ్మా."

మళ్లీ చెప్పాను. ఈసారి ఎలుకల సంగతి కూడా చెప్పాను.

"అయితే ఎలకల మీద సూడకుండానే నాకిచ్చినావు."

"అవును. టైము లేదనుకున్నాను."

"టైము నేదు, నిజిమే." గునపానికి చిక్కిన పీచు లాగి పారేశాడు. "నాను పోయే మనిసినే. అది తప్పనను. మరి పై ఓలకి రాసిన కాయితంలో ఏటి రాసినావు?"

"నీ కిడ్నీలు ముందే బలహీనమని రాశాను."

అతని మొహం అప్పుడు మారింది. నేను భయపడ్డ కోపం అంతవరకూ రానేలేదని తెలిసింది.

"అదెందుకు రాసినావమ్మా? మందు పని సెయ్యలేదని రాస్తే సరిపోయీది కదేటి? ఆసుపత్రోలు కూడా ఆ మాటే సెప్తే, అది ఇని మాయమ్మ తన కడుపుని తనే తిట్టుకున్నాది. సెడిపోయిన కిడ్నీలతో కన్నానని. నీలు మంచివి కాని ఊర్లో పెంచినానని. నాను కూడా నమ్మీసినాను. ఈ ఒల్లు మొదట్నించీ పనికిమాలిందే అనుకున్నాను. నా ఒంటికేటి తక్కువ? నలబై సెట్లు ఎక్కినోన్ని!"

తప్పు నాదన్నాను. అది చాలదని కూడా తెలుసు. అప్ప నా పక్కకు వచ్చి నిలబడింది గాని, నన్ను వెనకేసుకు రాలేదు.

గుమ్మంలోంచి ఊర్మిళ దగ్గుతూ అంది. "ఆ సారెట్టిన బంక నాకియ్యండి."

"నీకు మతి పోనాదేటే?" దుర్యోధన కసిరాడు. "నన్ను సూసి కూడానా?"

"నిన్ను సూసే అడుగుతన్నాను. మనిద్దరం అలగయిపోతే పిల్లలికి ఎవులు దిక్కు? మందు ఎలగా ఏయించుకోవాల. ఉత్తి మందు కంటే ఇది నయ్యం కదా. తప్పు సేసినానని ఇంటికొచ్చి సెప్పుకున్నాది. ఇంకోలయితే మనూరు మొకమే సూడరు."

అతను లేచాడు. నా వైపు చూడకుండా, "నాను లెక్కలు నమ్మను. ఆ ఎలకల్ని నాకు సూపించు" అన్నాడు.

ఆటోలో షెడ్డుకు తీసుకెళ్లాను. స్టూలేసుకుని బోనుల ముందు కూర్చున్నాడు. మొదట బతికినవాటిని చూశాడు. బోను తలుపు తీయించి, ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని, కడుపూ కాళ్లూ నొక్కి, వాపు ఉందేమో వెతికాడు. వాపు ఎలా ఉంటుందో అతనికి నాకంటే బాగా తెలుసు. పన్నెండూ అయ్యాక, "రెండోవి?" అన్నాడు. వాటిలో మూడు ఇంకా ఊపిరితో ఉన్నాయి. వాచిపోయి, కళ్లు మూసుకుని, ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. స్టూలు వాటి ముందుకు జరుపుకున్నాడు.

"ఇవి నానన్నమాట" అన్నాడు.

"అవును" అన్నాను.

ఒకదాని వీపు మీద వేలితో మెల్లగా నిమిరాడు. తర్వాత కాగితం అడిగి, నేను రాసిందంతా చదివించుకున్నాడు. 'మూత్రపిండాలు బలహీనం' అన్నమాట ఇప్పుడు అందులో ఎక్కడా లేదని రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. సంతకం పెట్టాడు. పెడుతూ, "ఇది నీ మీద జాలితో పెట్టింది కాదు" అన్నాడు. అలా అనకపోయినా నేను అలా అనుకునేదాన్ని కాదు.

కమిటీ రెండు రోజుల్లో తెరిచింది. విశాఖ నుంచి ఒక కొత్తమ్మాయిని ప్రయోగానికి బాధ్యురాలిగా పంపారు. నాకు ఎలుకల గదీ పెట్టెల పనీ మిగిలాయి. ఆ అమ్మాయి మొదటిరోజే స్పిరిట్ సీసా పట్టుకుని పెట్టెల వైపు నడిచింది. నేనూ అప్పా ఒకేసారి అరిచిన అరుపుకు పాపం సీసా కింద పడేసింది.

ఊర్మిళకు మొదటి ఇంజెక్షన్ సోమవారం వేశారు. రోజూ పొద్దున్నే అప్ప స్వయంగా పాకం పట్టుకెళ్లి, చెంచాతో తాగించి, మూతి తుడిచి వచ్చేది. చేదుగా ఉంటుందది. "బెల్లంముక్కెట్టనా" అంటే ఊర్మిళ వద్దనేదట. ఆరోరోజుకు జ్వరం తగ్గింది. తొమ్మిదోరోజున క్రియాటినిన్ ఒకటి పాయింటు ఆరు చూపించింది.

ఆ అంకె చూసి కొత్తమ్మాయి మొహం పాలిపోయింది. ఆపేద్దామా అంది. ఆపితే జ్వరం తిరగబెడుతుంది, రెండోసారి ఏ మందుకూ లొంగదు. ఆ గదిలో నిర్ణయం నాది కాదు. అయినా చెప్పాను. ఎలుకల్లో కూడా సగం దారిలో కాస్త పెరిగి దిగింది, పన్నెండిటిలోనూ. కాగితాలన్నీ ముందు పరిచాను. దుర్యోధనను పిలిచి అతనికీ చూపించాను. ఈసారి ఏదీ దాచి ఎవరికీ ఏదీ ఇవ్వకూడదని పట్టుబట్టాను.

అతను ఊర్మిళ మంచం పక్కన కూర్చుని, "ఏటంతావ్?" అని అడిగాడు.

"ఎలకలు నిలబడ్డాయి కదా. నాను ఎలకపాటి సెయ్యనేటి? ఏసీమను" అందావిడ.

పదోరోజు ఒకటి పాయింటు ఆరే. పదకొండోరోజూ అంతే. ఆ రెండు రోజులూ నేను షెడ్డులో ఏ పనికీ కూర్చోలేకపోయాను. కడిగిన నేలనే కడిగాను. పన్నెండోరోజు ఒకటి పాయింటు నాలుగు.

పదిహేనోరోజు పొద్దున్న ఆఖరి రిపోర్టు తీసుకుని వాళ్లింటికి నేనే వెళ్లాను. ఒకటి పాయింటు రెండు. ఊపిరితిత్తుల ఫొటో శుభ్రం. ఊర్మిళ నోటి గుడ్డ విప్పి గట్టిగా ఊపిరి పీల్చింది. పిల్లలిద్దరూ ఆవిడ నడుం పట్టుకుని వేలాడారు. మూడు వారాల నుంచీ దగ్గరికి రానివ్వలేదు మరి. అప్ప అందరి తలలూ నిమురుతోంది, ఏ తల ఎవరిదో చూడకుండా.

దుర్యోధన ఆ కాగితం తీసుకుని, అంకెల దగ్గర వేలు పెట్టి చదివాడు. చొక్కా తొడుక్కుని ఉన్నాడు. ఆ రోజు అతనికి డయాలసిస్, ఆటో వచ్చే వేళైంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నన్ను పక్కకు రమ్మని పిలిచాడు.

"డాక్టరమ్మా, ఒకటడుగుతాను. నాకంటే ముందు దీనికొచ్చుంటే?"

అతను అడుగుతున్నదేమిటో నాకు అర్థమైంది. లాబ్‌లో నేను కడిగిన పెట్టెల మొదటి బంక అప్పుడు ఊర్మిళ తాగేది. నా తప్పు ఆవిడ ఒంట్లో బయటపడేది. సారె పెట్టిన బంక తర్వాతవాళ్లకు దొరికేది. అతనికి దొరికేది.

"అప్పుడు ఆ కుర్చీలో తను ఉండేది. నువ్వు చెట్లెక్కుతూ ఉండేవాడివి" అన్నాను.

తలూపాడు. వాకిట్లో పిల్లల జుట్టు సర్దుతున్న భార్య వైపు చాలాసేపు చూశాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి గాని, మొహంలో ఏడుపు లేదు.

"మంచిపనైనాది" అన్నాడు. "నాకే ముందొచ్చినాది."

ఆటో వచ్చి ఆగింది. నేను చెయ్యి అందించబోతే వద్దని, రాట పట్టుకుని తనే మెట్టు దిగాడు.